గ్రేసమ్మ వేలి కొలత

హెండర్సన్
12 ఫిబ్రవరి 2006

చెల్లాయ్ గ్రేసమ్మకి అన్నయ్య ఫ్రెడ్రిక్ రాసేది.

ఇక్కడ ప్రభువు దయవల్ల అందరం క్షేమం, నా ఎడమ మోకాలు తప్ప. అది ఈ మధ్య ప్రభువు మాట కూడా వినడం లేదు. "డునెడిన్‌కి ఫోన్ చేస్తే అయిపోతుందిగా డాడీ, ఈ కాలంలో ఉత్తరాలేంటి" అంటుంది మా షీనా. నర్సుగా ఇన్నేళ్ళు చేసి ఎంతమంది చెవుడు చూసిందో గాని నీ చెవుడు చూడలేదు. నేను గొంతు చించుకున్నా "ఆఁ, అందరం బాగున్నాం" అని ఫోన్ పెట్టేస్తావు. ఉత్తరమైతే అరవక్కర్లేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. టమాటాలు సరిగా కాయలేదని అరపేజీ రాసి, చివర "నా పెళ్ళి ఉంగరం విరిగిపోయింది అన్నయ్యా, అలాంటిదే మళ్ళీ చెయ్యగలవా" అని ఒక్క ముక్కతో తేల్చేశావు. ఉంగరం విరగడమేమిటే? అదేమన్నా తిరణాలలో కొన్న మట్టిగాజా? అరవై ఒకటిలో ఏలూరులో నాన్న కుంపటి ముందు కూర్చుని నేను చేసిన ఉంగరం. దాని అతుకు ఎక్కడుందో అతికిన నాకే కనపడేది కాదు. బావ పోయి పదకొండేళ్ళయినా నువ్వు వేలినుంచి తియ్యనిది, ఊరికే ఎలా విరుగుతుంది?

నాన్న గుర్తొచ్చాడు. ఆయన బాప్తిస్మం పుచ్చుకున్న కొత్తలో కులపోళ్ళు వెలేశారు, సంఘపోళ్ళు నమ్మలేదు. అప్పుడు బాప్తిస్మం ఇచ్చిన దొరగారు తన వేలి ఉంగరం తీసి చూపించి ఇలాంటిది చేస్తావా అన్నాడట. అంతవరకు రాళ్ళ ఉంగరాలే తప్ప సాదాది చేసి ఎరగడు నాన్న. మూడు రోజులు కుస్తీ పట్టాడు. ఆ తర్వాత మనవాళ్ళ పెళ్ళిళ్ళకి తాళీ కావాలి, దొరగారి ఉంగరమూ కావాలి, రెండూ మన కుంపట్లోవే. "యేసుప్రభువు వడ్రంగే గాని కంసాలి కష్టం తెలిసినవాడు" అనేవాడు.

మీ వదిన పోయాక మూడేళ్ళుగా నేను పట్టకారు ముట్టలేదని నీకు తెలుసు. చేతులు వణుకుతున్నాయి, కళ్ళు సరేసరి. కానీ మేము పాలూ పప్పూ కొనుక్కునే డెయిరీ పక్కన బంటి అని హైదరాబాదు అతను నగల కొట్టు పెట్టాడు. ముప్పై ఏళ్ళుంటాయి. కుంపటి లేదు, ఊదుగొట్టం లేదు, ఒక కంప్యూటర్ ముందు కూర్చుని ఉంగరాలు గీస్తున్నాడు. గీసింది సిటీలో ఎవరికో పంపితే వాళ్ళ మిషను మైనంతో ఉంగరం చెక్కి ఇస్తుందట, దాన్నిబట్టి పోత పోయడమే. నేను పక్కన నిలబడి నాలుగు తప్పులు పట్టాను. "ఏందే తాతా, ఊకె తప్పులు వడ్తవు! సుత్తె సంగతి ఇడిచిపెట్టి ఇట్ల రా, మౌస్ వట్టు" అన్నాడు. పట్టాను. చెల్లాయ్, విను: చెయ్యి వణికినా అందులో గీత వణకదు. గోరంత ఉంగరాన్ని గుమ్మడికాయంత చేసి చూపిస్తుంది.

కాబట్టి చేస్తాను. విరిగిన ముక్కలు కవర్లో పంపు. వేలికి కుట్టుదారం చుట్టి, కలిసినచోట కత్తిరించి, అదీ పంపు. తడి దారం వద్దు, ఊలు అసలే వద్దు. కణుపు దాటేలా చూసుకో.

ఉంగరం సంగతిలో నీ మాట నమ్మని,
అన్నయ్య

డునెడిన్
5 మార్చి 2006

అన్నయ్యకి గ్రేసమ్మ వందనాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. మౌస్ పట్టావన్నచోట నాలుగోసారి. వదిన పోయాక నీ ఉత్తరాల్లో మోకాలి నొప్పి, మాత్రల పేర్లు తప్ప ఏమీ ఉండేవి కావు. ఆ బంటి ఎవరో గాని వాళ్ళమ్మ కడుపు చల్లగా ఉండాలి.

ఇక్కడ ఫ్రాంక్లిన్‌కి డ్యూటీ, కోడలికి డ్యూటీ, మనవరాలు ఎమిలీకి యూనివర్సిటీ, నాకు కిటికీ. కిటికీలోంచి కొండా, కొండమీద గొర్రెలూ. రోజూ లెక్కపెడతాను. నిన్న ముప్పై ఒకటి. ఎమిలీ నాకోసం తెలుగులో మాట్లాడాలని చూస్తుంది. "అమ్మమ్మా, నీకు అన్నం తింటానా?" అంటుంది. నాయనమ్మని అమ్మమ్మ అనొద్దని చెప్పడం మానేశాను. ఎలా పిలిచినా ప్లేటు నా ముందుకే వస్తుంది.

ముక్కలు పంపుతున్నాను. చూసి ఏడవకు. దారం కూడా ఉంది. ఉంగరంమీద రెండు సన్నగీతల్లో కిందిది ఒకచోట పక్కకి జారి ఉంటుంది. అది మర్చిపోకు. నువ్వు ఉలితో గీత పెడుతుంటే నేను "పెళ్ళికొడుకు మీసం కన్నా నీ గీతే దట్టంగా ఉందిరా అన్నయ్యా" అన్నాను, నువ్వు నవ్వావు, ఉలి జారింది. ఆయన బతికినన్నాళ్ళూ ఆ కథ నాచేత అందరికీ చెప్పించాడు. మీసం మాత్రం పెంచలేదు.

తొందరేం లేదు, కానీ మరీ ఆలస్యం చెయ్యకు.

నీ నవ్వుకి పూచీ పడిన,
చెల్లెలు

హెండర్సన్
20 మార్చి 2006

గ్రేసమ్మకి,

ముక్కలు అందాయి. భూతద్దం కింద పెట్టి చూశాను. నువ్వు రాసింది అబద్ధం. అతుకు దగ్గర ఊడలేదు, ఎక్కడా అరగలేదు. చిన్న చక్రపు రంపంతో తిన్నగా కోశారు. విరిగితే అంచు ఊరుకోదు, చెప్పేస్తుంది. కోసినదానికి నోరుండదు.

డునెడిన్‌లో ఏ కొట్టువాడికి ఇచ్చి కోయించావు? లోపల రాగి ఉందేమోనని చూశావా? కంసాలి కన్నతల్లి గొలుసులోంచైనా రవ్వ బంగారం మిగుల్చుకుంటాడని లోకం అంటుంది. లోకం నోరు మనం మూయలేం. కానీ నువ్వూ అనుకున్నావా? నీ పెళ్ళి ఉంగరంలో? ఆ కోత చూసి రెండు రోజులు బంటి కొట్టుకి వెళ్ళలేదు. "తాతకు ఏమయిందక్కా, అలిగిండా?" అని షీనాని అడిగాడట.

మూడోరోజు వెళ్ళాను. అలిగినా పని పనే.

ఈ ప్రోగ్రాం సంగతి చెప్పాలి నీకు. ముందు ఏ దేశం వేలు అని అడుగుతుంది. మనదేశంలో వేళ్ళకి నెంబర్లు కదా, ఇక్కడ అక్షరాలు. మనిషి వేలు ఎంత లావైతే అక్షరమాలలో అంత ముందుకు పోతాడు. నీ దారం యాభై ఆరు మిల్లీమీటర్లు, అంటే నువ్వు "పి". గడిలో పి అని కొట్టగానే ఒక్క క్షణంలో ఉంగరం గాలిలో తేలుతూ కనిపించింది. తర్వాత వెడల్పు, మందం. లోపలివైపు కూడా గుండ్రంగా వంచమంటావా అని అడిగింది. వేలికి ఒరుసుకోకుండానట! నేను యాభై ఏళ్ళు బయట చూసేవాళ్ళకోసం మెరుగు పెట్టాను, లోపల ఉన్న వేలుని ఒక్కరోజూ అడగలేదు. వంచమన్నాను. చివర మూసేటప్పుడు "చేసిన మార్పులు ఉంచమంటావా?" అని అడుగుతుంది. మీ వదినలాగే. అన్నీ చేశాక అడుగుతుంది.

బంగారం ముట్టే ముందు వెండిలో పోసి పంపుతున్నాను. పెట్టుకుని చూడు. ఎవరిచేత కోయించావో మాత్రం రాయి.

కడుపు మండి ఉన్న,
అన్నయ్య

డునెడిన్
9 ఏప్రిల్ 2006

అన్నయ్యా,

నీకు డెబ్భై రెండేళ్ళు వచ్చాయిగాని ముక్కుమీద కోపానికి ఇంకా పన్నెండే. నీ బంగారాన్ని పరీక్ష చేయించడానికి నాకేం పిచ్చా? ఎమిలీ స్నేహితులతో కలిసి సముద్రం ఒడ్డుకి వెళితే నన్ను ఇసక ఈగ కుట్టింది. చెయ్యి పూరీలా ఉబ్బింది. వేలు నీలంగా అయితే హాస్పిటల్లో నర్సమ్మ కోసేసింది. ఇంత చిన్నదానికి నువ్వు కంగారు పడతావని విరిగిందని రాశాను. కోస్తుంటే "చాలా గట్టి ఉంగరం, ఎవరు చేశారు?" అని అడిగింది. మా అన్నయ్య అన్నాను. చాలా?

వెండిది వచ్చింది. నాజూగ్గా ఉంది. లోపల నిజంగా వెన్నలా ఉంది. కానీ రెండు వంకలు. ఒకటి, వదులుగా ఉంది. నేను దారం చుట్టినప్పుడు ఉబ్బు పూర్తిగా దిగలేదనుకుంటాను. రెండు, ఇది నాది కాదు. గీత జారలేదు. ఇంత తిన్నని గీత నువ్వెప్పుడు గీశావు?

కొత్త దారం పెడుతున్నాను. లేదంటే అమ్మ చేసినట్టు అడుగున కాస్త దారం చుట్టుకుని సరిపెట్టుకుంటాలే, నువ్వు శ్రమపడకు.

గొర్రెలు ఇరవై ఎనిమిది. మూడు ఎక్కడికి పోయాయో.

పూరీలా ఉబ్బి దిగిన,
గ్రేసమ్మ

హెండర్సన్
30 ఏప్రిల్ 2006

చెల్లాయ్,

నన్ను క్షమించు. ఇసక ఈగ సంగతి ముందే రాసి ఉంటే నేను నోరు పారేసుకునేవాణ్ణి కాదు. షీనాతో చెప్పాను, "అయ్యో, అవునా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నర్సులకి ఈగలంటే లెక్కలేదు.

కొత్త దారం కొలిచాను. "ఎన్" వచ్చింది. పాత ముక్కలు రెండూ కలిపి కొలిచి చూస్తే అదీ ఎన్నే! ముసలితనంలో కూడా పెళ్ళినాటి వేలు. బంటికి చూపించి గొప్పలు చెప్పుకున్నాను.

గీత సంగతి విను. కంప్యూటర్‌లో తిన్నగా గీయడం క్షణం పని, వంకరగా గీయడానికి మూడు రోజులు పట్టింది. నేను పక్కకి లాగితే అది మర్యాదగా సర్దేస్తుంది. బంటి చూసి నవ్వుతాడు: "గదేంది తాతా, మంది తప్పులు దిద్దుకుంటరు, నువ్వు తప్పు గీస్తున్నవా?" నీ మీసం కథ చెప్పాను. "అయితే కరెక్టే" అని తనే వచ్చి చుక్కలు ఎలా జరపాలో చూపించాడు. పాత ముక్క భూతద్దం కింద పెట్టుకుని, జారుడు ఎంతుందో అంతే జార్చాను.

దారం చుట్టుకుంటానని మాత్రం మళ్ళీ అనకు. దారం చుట్టిన ఉంగరం కంసాలి చెంపమీద కొట్టినట్టు. నాన్న చేసిన ఉంగరానికి అమ్మ దారం చుట్టుకుంటే ఆయన ఎంత నొచ్చుకునేవాడో నాకు తెలుసు. నేను ఉండగా నీ వేలిమీద దారం పడటానికి వీల్లేదు.

రెండో వెండి ఉంగరం ఇందులో ఉంది. సరిపోయిందని రాయి, బంగారం కరిగిస్తాను.

తప్పు గీయడం నేర్చుకున్న,
అన్నయ్య

డునెడిన్
28 మే 2006

అన్నయ్యా,

గీత అచ్చంగా జారింది. వేలు పెట్టి తడిమి చూసుకున్నాను, అక్కడే ఉంది. నవ్వొచ్చింది.

ఉంగరం మాత్రం మళ్ళీ వదులు. సబ్బు రాస్తే జారి సింకులో పడబోయింది. మనూళ్ళో ఎండలు మండే మే నెలలో ఇక్కడ చలి మొదలైంది. నువ్వే చెప్పేవాడివిగా, చలికి వేళ్ళు సన్నబడతాయని. దారం పెడుతున్నాను.

ఎక్కువ రాయలేను, చేతులు చల్లగా ఉన్నాయి. ఎమిలీ పక్కనే కూర్చుని "ఏం రాస్తున్నావు" అంటోంది. దాని చెయ్యి చూస్తే నా చిన్నప్పటి చెయ్యే. ఈతన్ అని దాని క్లాస్‌మేట్, ఈ దేశపు కివీ అబ్బాయి, నన్ను ఎక్కడికైనా తీసుకెళ్ళాలంటే తనే డ్రైవ్ చేసుకొస్తాడు. మంచివాడు. నా చెవుడు పోయినట్టే మాట్లాడతాడు.

నీ పని నీకు బాగుందా? అది రాయి. అదొక్కటీ ఎక్కువగా రాయి.

గ్రేసమ్మ

హెండర్సన్
25 జూన్ 2006

గ్రేసమ్మకి,

నేను మూర్ఖుణ్ణే కావచ్చు, గుడ్డివాణ్ణి కాదు. నీ మూడో దారం కొలిచాను. "ఎల్". చలికి వేలు సన్నబడుతుంది, ఒప్పుకుంటాను. ఒక్క అక్షరం తగ్గుతుంది, కాదంటే ఒకటిన్నర. పి నుంచి ఎల్‌కి ఏ చలీ తీసుకురాదు. డునెడిన్ ఏమన్నా హిమాలయమా? ఇది అరవై ఏడేళ్ళ ఆడదాని వేలు కాదు. ఇరవైరెండేళ్ళ పిల్ల వేలు.

నాకు అంతా అర్థమైంది. మొన్న ఆదివారం షీనా ఫోన్లో ఫ్రాంక్లిన్‌తో మాట్లాడుతోంది. నేను గదిలోకి రాగానే పెట్టేసింది. కళ్ళు తుడుచుకుంది. "ఏమ్మా" అంటే "ఏం లేదు డాడీ, ఉల్లిపాయలు" అంది. ఫోన్లో ఉల్లిపాయలు తరుగుతారా?

ఎమిలీకి ఆ ఈతన్‌తో పెళ్ళి కుదిరింది. ఉంగరం దానికే. షీనా పెళ్ళప్పుడు అబ్బాయి మన సంఘంవాడు కాదని నేను ఉంగరాలు చెయ్యనని మొండికేశాను. అది నిజం. మీ వదిన నాతో ఏడాది సరిగా మాట్లాడలేదు, అదీ నిజం. బజారులో కొన్న ఉంగరాలతో పెళ్ళి జరిగింది. ఆ భయంతోనే ముసలాడికి తెలియకుండా, వాడి చేతే చేయించి, పెళ్ళయ్యాక చెబుదామనుకున్నారు. "నా ఉంగరం విరిగింది అన్నయ్యా" అట! బావ ఉంగరాన్ని రంపంతో కోయించి మరీ నాటకమాడాలా? ఈగట, పూరీ అట.

నన్ను అడిగి ఉంటే చేసేవాణ్ణి కాదా? మనిషి ఒక్కసారి తప్పు చేస్తే జన్మంతా వాడికి తలుపు గడియ పెట్టి లోపల పండగ చేసుకుంటారా? ఎమిలీకి ఉంగరం చేయడం నాకు ఎంత ఇష్టమో నీకు తెలీదు.

బంగారం నా దగ్గరే ఉంది. నిజం రాసేవరకు కరిగించను.

ఈ ఇంట్లో ఎవరికీ అక్కర్లేని,
ఫ్రెడ్రిక్

డునెడిన్
11 జులై 2006

అన్నయ్యా,

ఎమిలీకి పెళ్ళీ లేదు, ఏమీ లేదు. దారం నా వేలిదే. ఇంకొకటి పెడుతున్నాను, ఇవాళ్టిది.

కోప్పడకు.

గ్రేస్

హెండర్సన్
27 జులై 2006

చెల్లాయ్,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నాకు అలవాటైన దారిలోనే, తిప్పి తిప్పి వస్తాను. నువ్వు విసుక్కోకు.

నీ నాలుగో దారం వచ్చినరోజు నేను ఇంకా కోపంగానే ఉన్నాను. నీ మాట నమ్మలేదు. బంటి కొట్టుకి వెళ్ళి, ఎల్ తర్వాత ఆ కొత్త కొలతా గీసి, "చూడు బాబూ, ఇది ఒకే మనిషి వేలంటే ఎవరైనా నమ్ముతారా" అని, దాచిపెట్టిన బొమ్మలన్నీ తెరవమన్నాను. ఒకటి తీసి చూసి, మూసి, ఇంకొకటి తీయాలి. నాకు ఓపిక లేదు, ఏదో నొక్కాను. నాలుగూ ఒకే చోట తెరుచుకున్నాయి. ఆ ప్రోగ్రాంలో ప్రతి ఉంగరమూ ఒకే చుక్క చుట్టూ గీస్తారు, తెలుసా. పి, దాని లోపల ఎన్, దాని లోపల ఎల్, దాని లోపల జె. నాలుగు ఉంగరాలు ఒకదానిలో ఒకటి. ఒక్కొక్కదాని మధ్య ఖాళీ ఒకే కొలత. చలికైతే ఒకసారి తగ్గి ఆగుతుంది. పిల్ల వేలైతే చివరి రెండూ ఒక్కటే ఉండాలి. ఇది అలా లేదు. నీళ్ళలో రాయి వేస్తే అలలు బయటికి పోతాయి. ఇవి లోపలికి పోతున్నాయి.

బంటి తొంగిచూసి "ఎవరు తాతా, డైటింగ్ చేస్తున్నదా ఆమె?" అన్నాడు. అప్పుడే షీనా డ్యూటీ దిగి నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చింది. నా వెనక నిలబడి స్క్రీన్ చూసింది. తాళాల గుత్తి కింద పడేసింది. "డాడీ, అత్త చెప్పొద్దంది డాడీ" అంది.

కారులో చెప్పింది. జనవరి నుంచట. కడుపులో గడ్డట. మొదట్లో ఇచ్చిన మందులకి చెయ్యి ఉబ్బి ఉంగరం కోశారట. తర్వాత మందులు మానేశావట, నువ్వే వద్దన్నావట. "అన్నయ్య ఇప్పుడిప్పుడే పనిలో పడ్డాడు, చెడగొట్టొద్దు" అన్నావట. ఇంటిముందు కారు ఆపి కూడా మేమిద్దరం దిగలేదు.

నేను అడుగుతున్నాను, నువ్వు నా చెల్లెలివా, శత్రువువా? ఒక్కొక్క దారమూ నీ చేత్తో కత్తిరించి నాకు పంపావు. నేను మిల్లీమీటర్లు లెక్కపెట్టి అక్షరాలు పెట్టి జోకులు వేశాను. మనిషి ముంజేయి పట్టుకుని చూస్తే ఒంట్లో ఎలా ఉందో చెప్పేవాడు నాన్న. గాజు వదులైతే "అమ్మాయ్, అన్నం తినట్లేదా" అనేవాడు. నేను ఆయన కొడుకునని చెప్పుకుంటాను. ఇసక ఈగని నమ్మాను. చలిని నమ్మాను. చివరికి నీ మీద నేరం మోపాను. బంగారం కరిగించను అన్నాను. ఆ మాట రాసి నెల దాటింది. నెల చెల్లాయ్. ఆ నెల నీ దగ్గర ఎంత ఉందో నేను అడగను.

ఇక ఉంగరం సంగతి.

ఇంక కొలత పంపకు. నువ్వు పంపితే నేను గీస్తాను, గీసేలోపు అది పాతదైపోతుంది. నేను నీ వెనక పరుగెత్తలేను, మోకాలు సంగతి నీకు తెలుసు. అందుకని "ఎన్"లో పోయించాను. నీ పెళ్ళినాటి కొలత. పాత ఉంగరం బంగారమే, ఒక్క రవ్వ పోకుండా. మూస కింద మంట బంటి పట్టాడు, బంగారం మూసలో వేసింది నేను. ఆకురాయి నేనే పట్టాను. చెయ్యి వణికింది, ఒకచోట కొంచెం ఎక్కువ అరిగింది. భూతద్దానికి తప్ప తెలీదు, కానీ నువ్వు తడిమితే తెలుస్తుంది. పని అయ్యాక ఆ నాలుగు బొమ్మలూ మూస్తుంటే కంప్యూటర్ ఎప్పట్లాగే అడిగింది, మార్పులు ఉంచమంటావా అని. వద్దన్నాను.

ఉంగరంతోపాటు నువ్వు పంపిన నాలుగు దారాలూ ఉన్నాయి. నోటు పుస్తకంలో అంటించి పెట్టుకున్నాను, తారీఖులతో. విప్పి పంపుతున్నాను. ఉంగరం వేలికి పెట్టుకుని, అరచేతివైపు, అడుగున, ఎంత వదులుంటే అంత చుట్టు. గీత జారినచోట పైకి ఉండేలా చూసుకో. నేనన్న మాట నాకు గుర్తుంది. కంసాలి చెంపమీద కొట్టినట్టే. కొట్టు.

షీనాకి శనివారం, అయిదో తారీఖున సెలవు దొరికింది. ఇద్దరం వస్తున్నాం. నేను మాట్లాడను, నీకెలాగూ వినపడదు. పక్కన కూర్చుంటాను. గొర్రెలు లెక్కపెడదాం.

ఆగు.

అన్నయ్య

డునెడిన్
1 ఆగస్టు 2006

అన్నయ్యా,

పార్సిల్ ఇవాళ పొద్దున వచ్చింది. ఎమిలీ దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టింది. రాస్తున్నది నేనే. అక్షరాలు నీ గీతలాగే పక్కకి పోతున్నాయి.

నీ ఉత్తరం దానికి చదివి వినిపించాను. సగం అర్థమైంది, సగానికి ఏడ్చింది. నీ కోపం ఉత్తరం కూడా చదివాను. అది మాత్రం నవ్వింది. "తాతయ్య నాకు పెళ్ళి చేసేశాడా!" అంది. ఆ అబ్బాయితో చెప్పిందేమో, మధ్యాహ్నం అతను చెవులు ఎర్రగా చేసుకుని వచ్చి నాకు నీళ్ళిచ్చి వెళ్ళాడు. ఏమో, నువ్వు అన్నీ తప్పు కొలతలే తీసుకోవుగా.

నేను ఎందుకు దాచానో షీనా చెప్పిందిగా. ఇంకొకటి ఉంది, అది షీనాకి తెలీదు. నాకు ఉంగరం కావాలని లేదు మొదట. కోసినరోజు వేలు తేలికగా అనిపించింది, ఆయన దగ్గరికి ఎలాగూ వెళ్తున్నాను కదా అనుకున్నాను. అడిగితే నువ్వు పట్టకారు పడతావని అడిగాను. మౌస్ పట్టావు. వెండిది సరిపోయిందని రాసేస్తే నీ పని అయిపోతుంది, మళ్ళీ మోకాలి ఉత్తరాలు వస్తాయి. అందుకే ఉన్నది ఉన్నట్టు కొలిచి పంపాను. అబద్ధపు దారం ఒక్కటీ పంపలేదు. ఈగ ఒక్కటే అబద్ధం.

ఉంగరం పెట్టుకున్నాను. జారింది. మొదటి దారం చుట్టాను, జారింది. రెండోది. మూడోది. ఎమిలీ వేలు పట్టుకుని ఉంటే నాలుగోది కూడా చుట్టి, కొస పంటితో కొరికి ముడి వేశాను. ఇప్పుడు కదలడం లేదు. చెయ్యి కిందికి వేలాడేసి చూశాను. లేదు, కదలడం లేదు అన్నయ్యా. అరిగినచోటు కూడా దొరికింది.

శనివారం రండి. నేను మేలుకుని ఉంటే మాట్లాడతాను, లేకపోతే నువ్వు మాట్లాడు, నాకు ఫరవాలేదు. ఎమిలీకి చెప్పాను, నీకు కూడా రాసి ఉంచుతున్నాను. ఉంగరం తియ్యాల్సి వచ్చినప్పుడు ఏ రంపమూ వద్దు. నువ్వే కూర్చుని ముడి విప్పు. తొందరపడి కోయకు, నాలుగూ నాలుగుగానే రావాలి.

బంగారం ఎమిలీకి ఇవ్వు. దారాలు నా చేతిలో పెట్టు.

చెల్లెలు